ఉప్పునీళ్ళ కావిడి

అరకు స్కూలు నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఇప్పుడు అక్కడ సైన్సు చెబుతున్న మాస్టారు రాశారు. ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు. "మీ కాలంలో లాబ్ అటెండరుగా పనిచేసిన పెద్దాయన మొన్న శుక్రవారం జ్వరంతో కాలం చేశారు. వారి భార్య మీకు తెలియజేయమన్నారు." అంతే ఉంది. కార్డు చేరేసరికి ఆయన పోయి ఆరు రోజులైంది. స్టాఫ్ రూములో దాన్ని పట్టుకుని కూర్చుంటే గంట కొట్టారు. తొమ్మిదో తరగతికి వెళ్ళాను గాని పాఠం నోటికి రాలేదు. పిల్లల్ని చదువుకోమని చెప్పి కిటికీ దగ్గర నిలబడిపోయాను.

లాబ్ అటెండరు పోతే పేపర్లో ఎవరూ రాయరు. రాయాల్సిన వాణ్ణి నేనే. ఆ స్కూల్లో నేను పెట్టినంత కష్టం ఆయన్ని ఇంకెవరూ పెట్టలేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నంత కూడా ఇంకెవరూ నేర్చుకోలేదు.

డెబ్భయ్యో దశకం మొదట్లో నాకు అక్కడ ఉద్యోగం వచ్చింది. గిరిజన పిల్లలు ఉండి చదువుకునే స్కూలు. నాకు ఇరవై నాలుగేళ్ళు, ఆయనకు యాభై దగ్గర. ఖాకీ చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చేవారు. పరీక్షనాళికలు కడిగి, ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసి, మరక కనిపిస్తే మళ్ళీ కడిగేవారు. తాళ్ళు లాగీ లాగీ అరచేతులు చెక్కలా ఉండేవి. భీమిలి వైపు ఒక జాలరిపేట ఆయనది. అయినా చేప ముట్టేవారు కాదు. సముద్రం పక్క మనిషికి ఇదేం పట్టింపు అనుకున్నాను గాని అడగలేదు. అప్పటికి నేను అటెండరును ఏదైనా అడిగి తెలుసుకునే మనిషిని కాను. నాకంటే పాతికేళ్ళు పెద్దాయన్ని నోరారా "నువ్వు" అనేవాణ్ణి.

ఎనిమిదో తరగతిలో సముద్ర జీవుల పాఠం చెబుతుండగా పెదబయలు వైపు నుంచి వచ్చిన ఒక ఆడపిల్ల, పదమూడేళ్ళ గుంట, లేచి నిలబడింది.

"మాస్టారూ, సవుద్రం మా గెడ్డ కంటే పెద్దదేటి?"

గెడ్డంటే వాళ్ళ ఊరి కొండవాగు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో సముద్రాన్ని చూసినవాళ్ళు లేరు. రాళ్ళకు అతుక్కుని పువ్వులా విచ్చుకునే సీ ఎనిమోన్ అనే జీవి బొమ్మను బోర్డు మీద గీస్తే, చూసి అది ఏదో అడవి పువ్వనుకుని గీసుకుంటున్నారు. ఆ రోజే నిశ్చయించుకున్నాను, లాబ్‌లో అద్దాల తొట్టె కట్టి అందులో సముద్రాన్ని పెట్టాలని. పిల్లల కోసమే అని అందరికీ చెప్పాను. పాడేరు నుంచి అధికార్లు వచ్చే సైన్సు ప్రదర్శనలో నా పేరు వినబడాలన్న కోరిక కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు.

ఇనుప చట్రంలో కిటికీ అద్దాలు బిగించి తొట్టె చేయించాను. సెలవులకు వెళ్ళి వస్తూ భీమిలి రాళ్ళ మధ్య నుంచి రెండు పీతలు, నాలుగు నత్తలు తెచ్చాను. నీళ్ళ సంగతి నాకు పెద్ద విషయంగా తోచలేదు. హాస్టలు వంటశాల నుంచి కల్లుప్పు తెప్పించి, తూకం వేసి, కుళాయి నీళ్ళలో కలిపాను. మర్నాడు మధ్యాహ్నానికి అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి.

ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు.

"ఇది సవుద్రం కాదు బాబూ. పులుసు."

పిల్లలు పక్కనే ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అంత తెలిసినవాడివి నువ్వే వెళ్ళి సముద్రం నీళ్ళు పట్టుకురా. ఒడ్డు మీది మురికి కాదు. అలలు దాటి లోపలి నీళ్ళు తేవాలి" అన్నాను.

ఆయన చేతిలో బల్ల తుడిచే గుడ్డ ఉంది. దాన్ని మడత పెట్టారు.

"లోపలికేనా బాబూ?"

"ఆ, లోపలికే."

"అలగేనండి" అన్నారు.

శనివారం పాసింజరు బండిలో కొండ దిగి వెళ్ళారు, ఆదివారం అక్కడ ఉండి, సోమవారం కావిడి భుజాన వేసుకుని వచ్చారు. స్కూలువి రెండు ఇత్తడి బిందెలు ఇచ్చి పంపింది నేనే. ఆయన తెచ్చిన పీతలు ఆ నీళ్ళల్లో రెండు రోజులు కూడా బతకలేదు. ఇత్తడిలోని రాగి ఆ జీవులకు విషమని తర్వాత పుస్తకంలో చదివాను. పిల్లలకు లోహాల పాఠం చెప్పేవాణ్ణి, అంత మాత్రం తట్టలేదు. ప్లాస్టిక్ డబ్బాలు కొని మళ్ళీ పంపాను. మళ్ళీ పంపాను. తొట్టె నిండడానికి మూడు కావిళ్ళు పట్టాయి. బండి సాయంత్రం చేరేది, అప్పటికి స్కూలు మూసేసేవాళ్ళం. డబ్బాలు ఆ రాత్రికి ఆయన ఇంట్లోనే ఉండేవి.

నీళ్ళతో పాటు రాళ్ళు కూడా తెచ్చారు. నాచు, గుల్లలు పట్టి, బొత్తాల్లాంటి చిన్న చిన్న పగడపు జాతి జీవులు అతుక్కుని, ఒకలాంటి నీచు వాసన వేసే రాళ్ళు. నేను బ్లీచింగ్ పౌడరు, కొబ్బరి పీచు పుచ్చుకుని అవి తెల్లబడేదాకా తోమాను.

"కడగొద్దు బాబూ. ఆ పాసిలోనే ఉంటాది బతుకంతా" అన్నారు ఆయన.

"మురికంతా నీళ్ళలో కలిస్తే జీవులు చస్తాయి, నీకేం తెలుసు?"

"పోనీ, కొన్నాల్లు ఆగండి. నీటిని, రాల్లని ఊరికే అలా ఒగ్గీండి. కుదురుకోనీండి."

ప్రదర్శన వారం రోజుల్లో పడింది. ఆగడానికి నాకు తీరిక లేదు. ఆయన చేతే తెప్పించిన ఏడు చేపలు, పీతలు, మూడు ఎనిమోన్లు ఒక్క పూటలో వేసేశాను. ఆ ఎనిమోన్లను అవి అతుక్కుని వచ్చిన రాయి నుంచి కత్తితో గీకి ఊడదీశాను. వాటి అడుగు చిరిగింది కూడా. బలం కోసమని ఉడికించిన గుడ్డు పొడి చేసి రోజుకు మూడుసార్లు చల్లాను. మూడో రోజుకు నీళ్ళు గంజిలా అయ్యాయి. అయిదో రోజుకు లాబ్ తలుపు తీస్తే కంపు. అధికార్లు వచ్చిన రోజున తొట్టె మీద గుడ్డ కప్పి, గోడకు చార్టులు తగిలించాను.

ఆ కోపంలో తొట్టెలోని నీళ్ళు బకెట్లతో తోడి లాబ్ వెనక పారబోశాను. అక్కడ ఆయన భార్య అల్లం మడి వేసుకుందని నాకు తెలియదు. నాలుగు రోజుల్లో ఆకులన్నీ మాడిపోయాయి.

ఆవిడ లాబ్ దగ్గరికి రావడం అదే మొదలు. గుమ్మం అవతలే నిలబడింది. ఆ సమయానికి ఆయన లేరు, ఆఫీసు పని మీద అనంతగిరి వెళ్ళారు.

"చూసుకోలేదమ్మా. మళ్ళీ దుంపలు తెప్పించి ఇస్తాను" అన్నాను.

"అల్లం పోతే పోనాది బాబూ. మళ్ళీ ఏసుకుంటాను. ఆ నీరు నా గుమ్మం కాడికి ఎందుకు తెప్పించినావు?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ గొంతు పెంచలేదు.

"మాకున్న ఒక్క కొడుకు ఆ నీటిలోనే పోనాడు. పదారేల్ల గుంటడు. వోల్ల నాన్నతో సేపల ఏటకెల్లి తిరిగి రానేదు. ఒల్లు కూడా దొరకనేదు మాకు. ఉప్పుగాలి తగలకండా బతుకుదామనీసి ఈ కొండల్లోకి వొచ్చి పడ్డాం. నువ్వు ఆయన సేతనే ఆ నీరు మోయిస్తన్నావు. ఆయన ఆ డబ్బాలు తెచ్చి ఇంట్లో ఎడతన్నాడు. ఆటి పక్కన నానెలగ పడుకోను, సెప్పు."

ఆవిడ వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన వచ్చేసరికి నేను లాబ్‌లో ఎదురుచూస్తున్నాను. నన్ను చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నాను.

"మీరు అడగనేదు బాబూ. నాను సెప్పనేదు."

"వెళ్ళనని అనొచ్చుగా."

"నౌకరీ కదండి." పరీక్షనాళికల స్టాండు తుడుస్తూనే ఉన్నారు. "మొదటిసారి నౌకరీ అనీసే ఎల్లాను."

"తర్వాత?"

ఆయన స్టాండు అలమరలో పెట్టేశారు. దానికి జవాబు ఆ తర్వాత ఇన్నేళ్ళలోనూ రాలేదు.

తొట్టె పగలగొట్టేస్తానన్నాను. ఆయన అలమర కింద నుంచి ఒక గాజు జాడీ బయటికి తీశారు. అందులో తడిసిన బొత్తంలా ముడుచుకుపోయిన ఎనిమోన్ ఒకటి, రాయి ముక్కకు అతుక్కుని ఉంది. నేను చచ్చిందని పారేసిన వాటిలోది. డబ్బాలో మిగిలిన సముద్రపు నీళ్ళు పోసి, ఆయన దాన్ని దాచారు.

"ఇది బతికే ఉన్నాది. దీన్నేటి సేత్తారు?" అన్నారు. "తెచ్చినాక సూసుకోవాల కదండి."

ఆ రోజు నుంచి ఆయన్ని "మీరు" అన్నాను, "బాబాయ్" అని పిలిచాను. డబ్బాలు నా గదిలో పెట్టించాను. ఆ శనివారం బండిలో ఆయన పక్కన నేనూ కూర్చున్నాను.

జాలరిపేటలో ఆయన అన్నగారు తెప్ప సిద్ధం చేసి ఉంచారు. అన్నదమ్ములు ఒకరికొకరు తాడు అందించుకున్నారు. తెప్ప నీళ్ళ అంచున ఉంది. ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని అలలను చూస్తూ నిలబడ్డారు. చాలాసేపు అలాగే నిలబడితే, "వెళ్దామా బాబాయ్?" అన్నాను.

"ఆగండి."

ఇంకాసేపటికి ఆయనే అన్నారు. "పెద్దలలు ఒకదాని ఎనకొకటి వొత్తాయి బాబూ. అయి అయిపోనాక నీరు కాసేపు నెమ్మదిస్తాది. అప్పుడే దాటాల. ఆ దినాన నాను ఆగనేదు. పక్కోల్లు ముందెలిపోతన్నారనీసి, బేగి తొయ్యరా, బేగి తొయ్యరా అన్నాను."

నీళ్ళు నెమ్మదించాయి. తెప్పను తోశారు. నేను ఒడ్డునే ఉండిపోయాను. ఆయన అలలు దాటి, డబ్బాలు ముంచి, తిరిగి వచ్చేదాకా నేను తెప్ప మీది నుంచి చూపు తిప్పలేదు. ఇన్నిసార్లు పంపాను కదా, ఒక్కసారైనా ఇలా ఎదురుచూశానా అనుకున్నాను.

ఆ తర్వాత తొట్టె పని మొత్తం ఆయన చెప్పినట్టే చేశాను. రాళ్ళు కడగలేదు. నలభై రోజులు తొట్టెలో నీళ్ళు, రాళ్ళు, ఇసుక తప్ప ఏమీ లేవు. పిల్లలు వచ్చి, "చేపలేవి మాస్టారూ?" అని అడిగి వెళ్ళేవారు. నాకు చిరాకు వచ్చినప్పుడల్లా ఆయన రాయి మీద కొత్తగా పుట్టిన ఆకుపచ్చ చుక్కో, గాజు మీద పాకే చీమంత నత్తో చూపించేవారు. తర్వాత జాడీలోని ఎనిమోన్‌ను రాయితో సహా దించాము. పది రోజులు గడిచాక ఒక పీత. ఇంకా కొన్నాళ్ళకు ఒకే ఒక చేప.

కొండగాలికి నీళ్ళు ఆవిరై రెండు వేళ్ళు తగ్గాయి. నేను ఉప్పునీళ్ళ డబ్బా ఎత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఎండిపోనాది నీరు బాబూ. ఉప్పు కాదు. ఉప్పు అందులోనే ఉండిపోనాది. మంచినీరే పొయ్యండి."

ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ లెక్క ఆయన చెప్పేదాకా తట్టలేదు. ఎనిమోన్‌ను వాళ్ళ భాషలో ఏమంటారని అడిగితే కాసేపు ఆలోచించి, "దానికి పేరేటండి. కాలికి తగిల్తే దురదెడతాది, అంతే" అన్నారు.

చలికాలంలో తొట్టె చుట్టూ తన గొంగళి చుట్టి, పైన బల్బు వేలాడదీశారు. సముద్రం అంటే ఎంతుంటుందని అడిగిన గుంట ఒక రోజు అద్దానికి ముక్కు ఆనించి, ఎనిమోన్ విచ్చుకోవడం చూసింది. వేళ్ళన్నీ చాపి నీళ్ళలో మెల్లగా ఊగుతోంది. "అది మనల్ని సూత్తందేటి తాతా?" అంది. "కల్లు నేవమ్మా దానికి. అయినా మనం వొచ్చినట్టు తెలుత్తాది. సెయ్యి మాత్రం ఎట్టకు, దాని ఇల్లది" అన్నారు ఆయన. ఆ పిల్లతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు వేరుగా ఉండేది.

రెండు చలికాలాలు తొట్టె బతికింది. మూడోదానికి ముందు గాలివాన వచ్చింది. చెట్లు కూలి కరెంటు తీగలు తెగాయి. రైలు పట్టాల మీద కొండ చరియ విరిగిపడింది. నీళ్ళలోకి గాలి ఊదే మోటారు ఆగిపోయింది. ఆయన లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి కొట్టి, ఆసుపత్రిలో అడిగి తెచ్చిన సెలైను గొట్టం దానికి కట్టి, సన్నగా బుడగలు వచ్చేలా చేశారు. ఒక రోజు గడిచింది. రెండో రోజు ట్యూబు అతుకు ఊడింది. అప్పుడు మగ్గు తీసుకున్నారు. తొట్టెలో నీళ్ళు ముంచడం, పైకెత్తి ధారగా మళ్ళీ అందులోకే పోయడం. నేను ఒకసారి, ఆయన ఒకసారి. ఏజెన్సీ మలేరియా ఒంట్లో ఉంది ఆయనకు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పడుకోమంటే వినలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి చేప తేలింది. పీత కదలడం లేదు. జాడీలో బతికించిన ఆ ఎనిమోన్ రాయి నుంచి జారి, అడుగున జావలా పరుచుకుపోయింది. అయినా ఆయన మగ్గుతో ముంచి పోస్తూనే ఉన్నారు.

"ఆగండి బాబాయ్. ఇక లేవు."

"ఇంకాసేపు సూద్దాం."

"అన్నీ పోయాయి బాబాయ్."

ఆయన చెయ్యి ఆగలేదు. నేను మగ్గు పట్టుకుని మెల్లగా లాగాను. వదిలేశారు. గచ్చు మీద కూలబడి, "బేగి పోనాయి బాబూ" అన్నారు.

ఎవరు చెప్పారో, ఆయన భార్య వచ్చింది. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. తొట్టె వైపు ఒకసారి చూసి, ఆయన చంకలో చెయ్యి వేసి లేవదీసింది. వెళ్తూ వెళ్తూ నాతో, "ఆ నీరు ఇక్కడెక్కడా పొయ్యకు బాబూ" అంది.

పొయ్యలేదు. పట్టాలు బాగై, ఆయన జ్వరం తగ్గేదాకా ఆగి, చచ్చిన వాటితో సహా ఆ నీళ్ళను డబ్బాలకెత్తాం. ఆ కావిడి నేను మోశాను. భుజం కోసుకుపోయింది. అలాంటి కావిడి ఆయన చేత ఎన్నిసార్లు మోయించానో ఆ దారి పొడుగునా లెక్కకు వచ్చింది. ఆయన ముందు నడుస్తూ, నేను వెనకబడినప్పుడల్లా నిలబడేవారు. సముద్రంలో పోసేటప్పుడు డబ్బాలు తానే తీసుకున్నారు.

మళ్ళీ తొట్టె పెట్టలేదు. పిల్లలు అడిగితే, ఆగాల్సినప్పుడు ఆగలేదని నా తప్పులు ఒక్కొక్కటీ చెప్పేవాణ్ణి. తర్వాత నాకు మైదానం వైపు బదిలీ అయింది. ఆయన రిటైరయినా కొండ దిగలేదు. ఏడాదికి ఒకసారి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. కిందటి ఏడు వెళ్ళలేదు. మా పిల్ల పెళ్ళి చూపులనీ, పరీక్షల డ్యూటీ అనీ ఏవో కారణాలు. ఆయన అడిగారట, మాస్టారు ఈ ఏడు రానేదేటని.

జ్వరం వచ్చిన అయిదో రోజున జీపు దొరికిందట. పాడేరు ఆసుపత్రికి సగం దారిలో ఉండగానే పోయారు. కొండ మీదే పాతిపెట్టారు. పదకొండో రోజు కార్యం మాత్రం జాలరిపేటలో చేస్తామని అన్నగారి కొడుకులు పట్టుబట్టారు. నేను నేరుగా అక్కడికే వెళ్ళాను.

ఆవిడ కొండ దిగి వచ్చింది. కొడుకు పోయాక ఆ ఊరికి రావడం అదే మొదలు. ఒడ్డున బ్రాహ్మడు, అన్నగారి కొడుకులు, పేటవాళ్ళు గుమిగూడి ఉన్నారు. ఆవిడ అక్కడ లేదు. వెతుక్కుంటూ వస్తే, రోడ్డు పక్క సరుగుడు చెట్ల కింద కనిపించింది. సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఉంది.

"పిలుస్తున్నారమ్మా. వస్తారా?" అన్నాను.

"వోల్లు సేత్తన్నారు కదా బాబూ. నాను ఇక్కడే ఉంటాను."

నేను కూడా ఆవిడ పక్కన ఇసుకలో కూర్చున్నాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. వెనక నుంచి అల విరిగిన చప్పుడు వచ్చినప్పుడల్లా ఆవిడ చీర చెంగు చెవుల మీదికి లాక్కుని, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుంటోంది.